మొదటి కిక్కు

పోయినవారం మనం వదిలిపెట్టేసరికి ఇంజనమ్మ చేతులు ఖాళీ అయిపోయాయి. స్కూటర్ల షాపు వెనకగదిలో, ఇంజన్ల బల్ల ముందు ఇన్నేళ్ళుగా ఆమె కూర్చున్న స్టూలు ఇప్పుడు మూలన గోడవైపు తిరిగి ఉంది. ఇంటింటికీ వెళ్ళి బాలింతలను చూసే నర్సమ్మ బండి నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసి, చక్రం బిగుసుకుపోయి, ఆమెను ఎత్తి పడేసింది. మోచెయ్యి విరిగింది. ఆ సాయంత్రం షాపు ముందు జనం పోగైతే ఇంజనమ్మ మామగారు, అంటే షాపు పెట్టిన పెద్దాయన, అందరూ వినేలా "పిస్టన్ పనంతా మా కోడలిది, తప్పూ దానిదే" అన్నాడు. అని ఊరుకున్నాడా? కోడలి ఏప్రాన్ జేబులోంచి పిన్ను పుల్లర్ లాక్కుని రెండో కొడుకు చేతిలో పెట్టాడు. "ఆ ఇంజన్ నేను మూయలేదు మావయ్యా" అని ఆమె మొత్తుకున్నది గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ బండి విప్పిన రోజు పిస్టన్ ఆడే గొట్టం లాంటి బ్లాకును పైకి లాగి, పిస్టన్ బయటపెట్టి, పిన్ను తియ్యబోతుండగా అక్కను ఆస్పత్రిలో చేర్చారని కబురొచ్చింది. ఇంజన్ మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి చూస్తే ఇంజన్ మూసేసి, బండిని నర్సమ్మకు ఇచ్చేసి కూడా ఉన్నారు. కౌంటర్లో కూర్చునే మరిది ఎవరినో పిలిచి కట్టించి ఉంటాడనుకుంది. అడిగితే అతను "నాకేం తెలుసు వదినా, నేను ముందు గదిలో ఉంటాను" అన్నాడు. గోడ మీద పిల్లి వాడు.

ఈ ఉదయం ఇంజనమ్మ మేడ మీద బట్టలు మడత పెడుతోంది. మడత పెట్టినవే మళ్ళీ విప్పి మడత పెడుతోంది. పనిచేసిన చేతులు ఊరుకోవు కదా. కింద షాపు ముందు స్కూటర్ కిక్కు చప్పుడు వినిపించింది. వెంటనే ఇంజన్ అందుకుంది. దాని మీద కూతురి నవ్వు. మరుక్షణం ఆ పిల్ల మెట్లెక్కి పరుగున వచ్చింది.

"అమ్మా, పసుపు బండి నేనే స్టార్ట్ చేశా. ఒక్క కిక్కుకే అందుకుంది. నాన్నతో కొండ అవతలకి వెళ్తున్నా, ఫొటోగ్రాఫర్ అంకుల్‌కి బండి ఇచ్చేసి బస్సులో వచ్చేస్తాం."

"జాగ్రత్తగా పట్టుకుని కూర్చో" అంది తల్లి, తల ఎత్తకుండానే.

పిల్ల వెళ్ళిపోయాక ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ షాపులో ఒక కట్టుబాటు ఉంది. ఇంజన్ తిరగకట్టాక మొదటి కిక్కు పిస్టన్ పెట్టిన మనిషే కొట్టాలి. ఇంకెవరూ కాలు పెట్టకూడదు. లోపల ఏదైనా తేడా ఉంటే అది ముందు అరికాలికి తెలుస్తుందనీ, పెట్టిన మనిషి కాలికే తెలుస్తుందనీ పెద్దాయన నమ్మకం. నేర్పేటప్పుడు కోడలిచేత ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాడు. అలాంటిది, ఆమెను బల్ల దగ్గర్నుంచి లేపి నాలుగు రోజులైనా కాలేదు, చిన్నపిల్లలు ఆటకి కిక్కులు కొట్టేదాకా వచ్చింది. ఇనుము చెక్కే లేతు మిషను మేస్త్రి దగ్గరి మనిషి వచ్చి ఇంజన్లు కడుతున్నాడని మరిది చెప్పాడు. కట్టినవాడికి కట్టుబాటు తెలియకపోతే పోనీ, చూస్తూ కూర్చున్న పెద్దాయనకేమైంది? ఇక ఆమె మొగుడి సంగతి చెప్పుకోకపోవడమే మేలు. పెళ్ళాం మీద అంత అభాండం వేస్తుంటే వైరింగ్ బల్ల దగ్గర బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్న మహానుభావుడు, తండ్రి ఏ బండి ఇచ్చి రమ్మంటే ఆ బండి వేసుకుపోతాడు.

ఇంతలో కింద ట్రాలీ ఆటో ఆగింది. దాని మీద నర్సమ్మ స్కూటర్, తాళ్ళతో కట్టి ఉంది. డ్రైవరు పక్కనుంచి నర్సమ్మ దిగింది. కుడిచెయ్యి పిండికట్టులో, మెడకు వేలాడుతోంది.

"నేను గొడవకి రాలేదు పెద్దాయనా" అంది. "నేనెందుకు పడ్డానో నాకు తెలియాలి. నా కళ్ళ ముందు విప్పండి."

పెద్దాయన రెండు గదుల మధ్య వేసుకున్న కుర్చీలోంచి లేవలేదు. "ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా. లేతు మేస్త్రి మనిషి వచ్చాక విప్పిస్తాను. కొత్త పిస్టన్ వేసి పంపిస్తాం."

"కొత్తది ఎవరడిగారు? పాతదానికి ఏమైందో చూడాలంటున్నాను. విప్పేది కూడా మీ కోడలే."

"దానిచేత పని మాన్పించాం."

"అందుకే అంటున్నాను. తప్పు చేసిందన్నారు, ఊరంతా విన్నారు. ఆ తప్పేమిటో ఆవిడ కంటితో ఆవిడ చూసుకోవద్దా? నేను చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చి అడుగుతున్నాను, ఆమాత్రం చెయ్యరా?"

మేడ మెట్ల మీదనుంచి ఇదంతా వింటున్న ఇంజనమ్మను ఎవరూ పిలవనక్కర్లేకపోయింది. గబగబా దిగి వచ్చింది. మేకుకు తగిలించి ఉన్న ఏప్రాన్ తీసి కట్టుకుంది. మరిది ముందు నిలబడి చెయ్యి చాపింది.

"పుల్లర్."

మరిది తండ్రివంక చూశాడు.

"ఆయన్నేం చూస్తావు? నీ దగ్గరుంది, ఇవ్వు."

అతను కౌంటర్ మీద ఫ్యాన్ గాలికి లేచిపోకుండా కాగితాల మీద పెట్టిన బరువును తీశాడు. అదే పుల్లర్. చూడగానే ఆమె మొహం ఎర్రబడింది. ఆ షాపులో ఉన్న సామానంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. బజారులో దొరికేది కాదు. పెద్దాయన వయసులో ఉండగా ఉక్కు గొట్టం ముక్కను కప్పులా కోసి, పొడుగాటి బోల్టు చేయించి, సొంతంగా తయారుచేసుకున్నది. పిస్టన్‌ను రాడ్డుకు పట్టి ఉంచే పిన్నును ఏ దెబ్బా తగలకుండా బయటికి లాగడానికి పనికొస్తుంది. ఆమె రోజూ సాయంత్రం దానికి నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టేది. ఇప్పుడు దాని మరల మీద టీ మరకలు ఎండిపోయి ఉన్నాయి.

"కాగితాలకి బరువు కావాలంటే బయట ఇటుకలున్నాయి" అంది. "దీనికి ఆ గతి పట్టించడానికా నా చేతిలోంచి లాక్కున్నారు?"

పెద్దాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

స్కూటర్‌ను లోపలికి తోసుకొచ్చి, పక్క డొప్ప తీసి, హెడ్డు విప్పింది. నర్సమ్మ స్టూలు ముందుకి లాక్కుని కూర్చుంది. బ్లాకు ఒక పట్టాన రాలేదు. కిరసనాయిలు పోసి, చెక్కముక్క ఆనించి, చుట్టూ నెమ్మదిగా తడుతూ పోయింది. కాసేపటికి కీచుమంటూ బ్లాకు ఊడి వచ్చింది. లోపలి గోడ మీద పైనుంచి కిందకి లోతైన గాడి. పిన్ను పక్కకి జరగకుండా పిస్టన్‌కు రెండు వైపులా చిన్న ఉక్కు తీగ లాకులుంటాయి. ఒకవైపుది ఉంది. రెండోవైపుది లేదు. ఊడి వచ్చి, బ్లాకు గోడను దున్నేసి, ముక్కలై అడుగున పడి ఉంది.

"ఇదన్నమాట" అన్నాడు పెద్దాయన కూర్చున్న చోటునుంచే. "లాకు సరిగ్గా కూర్చోబెట్టలేదు. చూసుకున్నారుగా. ఇక మూసెయ్యమను."

అవునా కాదా అని తేల్చుకోకుండానే, కనీసం లేచి వచ్చి చూడకుండానే, మళ్ళీ అదే మాట. ఇంజనమ్మ పాత పిస్టన్ల డబ్బా బల్ల మీద బోర్లించింది. అందులోంచి చేతికొచ్చిన నాలుగు తీసి నర్సమ్మ ముందు వరసగా పెట్టింది.

"పిన్ను బెజ్జం చుట్టూ చూడండి నర్సమ్మా. సన్నటి గీత కనిపిస్తోందా?"

"ఆ, గుండ్రంగా ఉంది. ఒకచోట మాత్రం తెగింది."

"అన్నిటికీ అక్కడే తెగుతుంది. ఈ పుల్లర్ కప్పు అంచున పెచ్చు ఊడింది చూడండి. మా మావయ్య ఒకసారి కింద పడేశారు. అప్పట్నుంచి ఇది పట్టిన ప్రతి పిస్టన్ మీదా ఈ గీత పడుతుంది. నేను తీసినా పడుతుంది, ఆయన తీసినా పడుతుంది. ఇప్పుడు మీ పిస్టన్ చూడండి."

నర్సమ్మ ముందుకి వంగింది. మరిది కూడా కౌంటర్ దిగి వచ్చాడు. నర్సమ్మ బండి పిస్టన్ మీద పిన్ను బెజ్జం చుట్టూ గీత లేదు.

"పుల్లర్ పెట్టలేదు దీనికి" అంది ఇంజనమ్మ. "మరి పిన్ను ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాం."

మిగిలిన లాకు తీసేసింది. పుల్లర్ కప్పును పిస్టన్ పక్కకి ఆనించి, బోల్టును పిన్ను బోలులోంచి దూర్చి, ఇవతలి నట్టు తిప్పడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే రెండు వేళ్ళతో తిరగాల్సిన నట్టు. ఇవాళ రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. పళ్ళు బిగించి తిప్పగా తిప్పగా పిన్ను కప్పులోకి వచ్చింది. దాన్ని గుడ్డతో తుడిచి నర్సమ్మ ఎడమ అరచేతిలో పెట్టింది. ఒక కొస చదునుగా, నున్నగా ఉంది. రెండో కొస అంచులు నలిగి, బయటికి విచ్చుకుని ఉన్నాయి.

"సుత్తి దెబ్బలు" అంది. "పుల్లర్ తిప్పే ఓపిక లేక సుత్తి తీసుకుని బాదారు. పిన్ను వస్తుంది, రాక ఏం చేస్తుంది? కానీ ఆ దెబ్బలన్నీ రాడ్డు మీద పడతాయి. అది కాస్త వంగుతుంది, కంటికి కూడా కనపడదు. వంగిన రాడ్డు పిన్నును అస్తమానం ఒక పక్కకే తోస్తుంది. తోసి తోసి లాకును ఊడగొడుతుంది. బండి చదును రోడ్డు మీద కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది. వేడెక్కిందంటే పట్టేస్తుంది. మీరు పడింది ఇందుకు."



ఇంజనమ్మ మరిదివైపు తిరిగింది. ఇన్నాళ్ళూ మింగిందంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"ఇప్పుడు చెప్పు. ఎవర్ని పిలిచి కట్టించావు? ఎవడి చేతికి సుత్తి ఇచ్చావు? నేను అక్క మంచం పక్కన కూర్చుంటే ఇక్కడ నా పని పాడుచేసి, నా నెత్తిన రుద్దారు. వీధిలో నడుస్తుంటే నన్ను చూసి బళ్ళు పక్కకి తీసుకుంటున్నారు, తెలుసా నీకు? నిన్న కూరల దుకాణం ఆవిడ, నా చేతుల మీద ఇంజన్ మూడుసార్లు కట్టించుకున్న మనిషి, వేరే షాపు ఎక్కడుందని నన్నే అడిగింది. ఆ మాట విని ఇంటికెలా వచ్చానో నాకే తెలుసు."

"వదినా, నేను ఎవర్నీ పిలవలేదు. నామీద ఒట్టు."

"మరి ఇంజన్ దానంతట అదే మూసుకుందా?"

మరిది మళ్ళీ తండ్రివైపు చూశాడు. ఈసారి చూసి, చప్పున తల దించుకున్నాడు. ఆ చూపు ఆమెకు అందలేదు. కోపంలో ఉన్నవాళ్ళకి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది.

"సరే, నువ్వు చెప్పకు" అంది. "నర్సమ్మా, మీరు బండి తీసుకోవడానికి వచ్చినప్పుడు ఇక్కడెవరున్నారు? ఇంజన్ ముందుగా కిక్కు కొట్టి స్టార్ట్ చేసిందెవరు?"

"పోనిద్దూ అమ్మాయ్" అన్నాడు పెద్దాయన గట్టిగా. "అయిందేదో అయింది. ఆవిడకి నొప్పిగా ఉంటుంది, ఇంటికి వెళ్ళనివ్వు."

"నాకేం నొప్పి లేదు" అంది నర్సమ్మ. "స్టార్ట్ చేసింది నేనే."

"మీరా?"

"అవును. పెద్దాయనే కొట్టమన్నారు. కొత్త ప్రాణం పోసుకున్న బండి, మొదటి కిక్కు యజమానిదే అవ్వాలి అన్నారు. నాకు భలే ముచ్చటేసింది. ఇక్కడ అలా ఒక ఆచారం ఉందేమో అనుకున్నాను."

ముందు గదిలో ఫ్యాన్ గాలికి, బరువు తీసేసిన కాగితాలు ఒక్కొక్కటే నేల మీదకి జారుతున్నాయి. మరిది వాటిని ఏరడానికి కూడా కదల్లేదు.

ఇంజనమ్మ నెమ్మదిగా మామగారివంక చూసింది. కుర్చీలోంచి లేవని మనిషి. టీ గ్లాసు ఈమధ్య రెండు చేతులతో పట్టుకుంటున్న మనిషి. మొదటి కిక్కు ఇంకొకరు కొడితే కొట్టినవాళ్ళని, కొట్టనిచ్చినవాళ్ళని షాపు దాటేదాకా తిట్టిన మనిషి. పిస్టన్ పెట్టి కూడా కిక్కు ఇంకొకరికి వదిలేసేవాళ్ళు ఎవరుంటారు, కాలు లేవనివాళ్ళు తప్ప? పుల్లర్ ఎదురుగానే ఉన్నా సుత్తి పట్టుకునేవాళ్ళు ఎవరుంటారు, మణికట్టు తిరగనివాళ్ళు తప్ప?

"మీరా మావయ్యా?"

పెద్దాయన తన మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులనే చూసుకున్నాడు.

"నట్టు తిరగలేదు" అన్నాడు. "ఎంత పట్టినా తిరగలేదు. నేను చేసిన పుల్లర్ నాకే లొంగలేదు."

"లొంగకపోతే నేను వచ్చేదాకా ఆగలేరా? గుడ్డ కప్పి వెళ్ళాను కదా."

"ఈవిడ పొద్దున్నే బండి కావాలంది. నేనింకా కట్టగలనో లేదో చూసుకుందామనుకున్నాను. నువ్వు లేని పూటే కదా నాకు ఆ బల్ల దొరికేది."

ఆ మాటకు ఇంకొకరైతే కరిగిపోదురు. ఇంజనమ్మ కరగలేదు. కరగకపోవడంలో తప్పేమీ లేదు కూడా.

"చేతులు పడిపోతే నాతో చెప్పుకోవచ్చు మావయ్యా. నేను పక్కన కూర్చుని నట్టు తిప్పేదాన్ని, మీరు ఇలా కాదు అలా అని తిట్టేవారు. ఆ తిట్లు నాకు కొత్తా? మీరు అది చెయ్యలేదు. ఈవిడ పడిందని తెలియగానే మీకు అర్థమైపోయింది, ఎవరి తప్పో. అర్థమయ్యాక వీధి మధ్యలో నిలబడి నా పేరు చెప్పారు. నా జేబులో చెయ్యి పెట్టి పుల్లర్ లాక్కున్నారు. మీ చేతులకి సత్తువ లేదంటున్నారే, అప్పుడెక్కణ్ణుంచి వచ్చింది సత్తువ?"



"నువ్వూ అంతే" అంది మరిదితో. "నీకు తెలుసు."

"ఆస్పత్రి కబురొచ్చిన సాయంత్రం నాన్న వెనకగది తలుపు వేసుకున్నారు. సుత్తి చప్పుడు వినిపించింది" అన్నాడు మరిది. "నాన్న కదా వదినా. ఎలా చెప్పను?"

"నేను వదిననే కదా. ఎలా ఊరుకున్నావు?"

నర్సమ్మ లేచి నిలబడింది. పిన్నును పెద్దాయన ముందున్న బల్ల మీద పెట్టింది. "మీ చెయ్యి వణికినందుకు నేను ఏమీ అనను" అంది. "నేను కూడా వయసు మళ్ళినవాళ్ళ మధ్యే పని చేస్తాను. కానీ ఆవిడ గురించి ఎక్కడ అన్నారో అక్కడే నిలబడి, అంతమంది ముందూ, తప్పు మీదని చెప్పండి. అది అయ్యాకే నా బండి కట్టించుకుంటాను. ఆవిడచేతే."

పెద్దాయన తల ఊపాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. లేవబోతూ గుమ్మంవైపు చూసి, మళ్ళీ కూలబడ్డాడు.

ఇంజనమ్మకు ఆ చూపు ఈసారి అందింది. గుమ్మం పక్కన, పొద్దుటిదాకా పసుపు బండి నిలబెట్టిన చోట, నేల మీద నూనె మరక ఒక్కటే ఉంది.

"మావయ్యా. పసుపు బండి ఇంజన్ ఎవరు కట్టారు?"

ఆమె మరిదివైపు చూసింది.

"లేతు మేస్త్రి మనిషి అన్నారు కదా. వచ్చాడా అతను? అసలు వచ్చాడా?"

"రాలేదు వదినా" అన్నాడు మరిది. "నాన్న అలా చెప్పమన్నారు."

ఫొటోగ్రాఫర్ ఇల్లు కొండ అవతల. కొండ మీదికి చేరేదాకా దారంతా ఎత్తే, ఇంజన్ కాగిపోతుంది. ఆ తర్వాత ఒకవైపు లోయ పెట్టుకుని మలుపులు. మరిది అన్నకు ఫోన్ కలిపాడు. రింగు వినిపించింది. వైరింగ్ బల్ల మీద, బల్బుల డబ్బా పక్కనుంచి.

ఇంజనమ్మ అప్పటికే తన బండి వీధిలోకి తోసేసింది. పొద్దున మేడ మీద విన్న చప్పుడే ఆమె చెవుల్లో తిరుగుతోంది. ఒక్క కిక్కుకే అందుకుందని ఎగిరి గంతేసిన కూతురిని తాను తలెత్తైనా చూడలేదు. అంత చిన్నపిల్ల చేత మావయ్య మొదటి కిక్కు ఎందుకు కొట్టించాడో ఇప్పుడు ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.